పురుగుల ఇంట్లో చేపల తొట్టి

ఇంట్లో చేపల తొట్టి కట్టాలంటే ముందుగా ఆలోచించాల్సింది చేపల గురించి కాదు, వాటి పెంట గురించి. ఈ మాట నాకు అరవై ఏడో ఏట తెలిసింది. అంతకుముందు ఎవరైనా చెబితే నవ్వి ఉండేదాన్ని. నలభై ఏళ్లు పట్టుపురుగులు మేపాను, ఆవుల కింద పేడ ఎత్తాను, పెంట గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకునేదాన్ని. చెప్పాల్సే వచ్చింది. చెప్పినా వినలేదు, అది వేరే సంగతి. దాని గురించే రాస్తున్నాను.

మాది కోలారు జిల్లాలో, కామసముద్రం పక్కన పల్లె. రాగి వేస్తాం, మల్బరీ తోట ఉండేది, రెండు ఆవులు ఉన్నాయి. అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. మా కోడలు కుప్పం వైపు పిల్ల, హైస్కూల్లో సైన్సు టీచరు. మా వైపు బోర్డులన్నీ కన్నడంలో ఉంటాయి, మా నోట్లో తెలుగు ఉంటుంది. ఆ నోటి తెలుగు కాగితం మీద ఎలా ఉంటుందో నాకు చూపించింది ఆ పిల్లే. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. చూసింది చూసినట్టు రాస్తాను, నచ్చకపోతే పక్కన పెట్టేయండి.

రెండేళ్ల కింద మా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా మిగిలింది. మనిషి బతికాడు గానీ బతకాలనే ఇది పోయింది. పొద్దున లేపి కూర్చోబెడితే కూర్చుంటాడు, వదిలేస్తే గోడ వైపు తిరిగి పడుకుంటాడు. రాగి సంగటి నోట్లో పెడితే రెండు ముద్దలు, మూడోదానికి నోరు తెరవడు. డాక్టరు మందులు రాసిచ్చి, మనిషికి ఏదైనా వ్యాపకం ఉండాలమ్మా అన్నాడు. వ్యాపకం మందుల షాపులో దొరకదు కదా.

ఆయన అడిగేది ఒకే మాట. "చేపలకు ఎవురు ఏస్తా ఉండారు?"

పొలంలో మాకు ఒక కృషి హొండ ఉంది. వాన నీళ్లు నిలబెట్టుకోవడానికి గుంట తవ్వి, లోపల మందమైన నల్ల షీటు పరుస్తారు, దాన్ని మా జిల్లాలో అలా అంటారు. ఆయన అందులో బంగారుతీగ చేప పిల్లలను వదిలి ఆరేళ్లు పెంచాడు. అమ్మడానికి కాదు. మొదటి ఏడాది అమ్ముదామనే అన్నాడు, తర్వాత ఆ మాట ఎత్తలేదు. రోజూ పొద్దు వాలే వేళకు గట్టు మీద కూర్చుని తవుడు ముద్దలు వేసేవాడు. మోచెయ్యి పొడుగు చేపలు మీసాల మూతులు పైకి పెట్టి వచ్చేవి. నేను మేత వేస్తే కొంచెం దూరంగా ఆగేవి. ఆయన వేస్తే కాళ్ల దగ్గరికి వచ్చేవి. ఇరవై రెండు చేపలు.

పోయిన ఎండాకాలం హొండ షీటు ఒక మూల చిరిగింది. రోజుకు జానెడు నీళ్లు ఇంకిపోతున్నాయి. బోరు ఇచ్చే నీళ్లు రాగికే చాలవు. పొలం ఇంటికి ఒకటిన్నర మైలు, ఆయన పోలేడు. చేపలను ఎవరికైనా ఇచ్చేద్దామని మా అబ్బాయి అన్నాడు. వాడు పొద్దున రైలుకు బెంగళూరు పోయి రాత్రికి వచ్చేవాడు, వాడికి ఏం తెలుస్తుంది. నాకు తెలుసు. చేపలు పోతే ఈయన గోడ వైపు తిరిగి ఇంక ఇటు తిరగడు. అందుకని, ఆయన చేపల దగ్గరికి పోలేకపోతే చేపలే ఆయన దగ్గరికి రావాలని నేను తీర్మానం చేశాను. ఎవరినీ అడగలేదు.

మా ఇంటికి ఆనుకుని పురుగుల ఇల్లు ఉంది. పట్టుపురుగులు మేపడానికి కట్టించిన పొడుగాటి గది. మల్బరీ ఎండిపోయిన ఏడాది నుంచి ఖాళీ. పురుగుల మీద గుడ్లు పెట్టి చంపే ఊజి ఈగ రాకుండా కిటికీలకు సన్న వల ఉంటుంది, కొంగలు దూరవు, ఎండ లోపలికి పడదు, నేల చల్లగా ఉంటుంది. అందులో ఒక వైపు తొట్టి, ఒక వైపు ఆయన మంచం. పదిహేను అడుగుల పొడుగు, ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. రెండడుగులు నేలలోకి తవ్వి, రెండడుగులు పైకి కట్టి, హొండకు పరవగా మిగిలిన షీటు ముక్క పరిస్తే సరిపోతుంది అనుకున్నాను. రెండు ట్యాంకర్ల పైన నీళ్లు పడతాయి. అన్నీ ఆలోచించాను. పెంట గురించి ఆలోచించలేదు.

మా కోడలు అడిగింది, ఇరవై రెండు చేపలు, అంతంత లావు, రోజూ మేత. తిన్నది యాడికి పోతుంది అత్తా, అని. వారానికోసారి నీళ్లు మారుస్తాను అన్నాను. రెండు ట్యాంకర్ల నీళ్లు వారం వారం యాడ్నుంచి తెస్తారు అంది. ఆ పిల్ల నన్ను గెలవడం కోసం మాట్లాడదు, అందుకే ఆ పిల్ల మాటకు కోపం రాదు.

అప్పుడు మా అన్నకు ఫోను చేశాను. మా అన్న కేజీఎఫ్‌లో, పాత గని క్వార్టర్సులో ఉంటాడు. గని మూసేదాకా భూమి లోపల పంపుల దగ్గర పని చేశాడు. ఇప్పుడు డెబ్భై నాలుగు. బస్సు దిగి వచ్చాడు, కాఫీ తాగాడు, గది చుట్టూ ఒకసారి నడిచాడు, నా ప్లాను విన్నాడు. నా ప్లాను ఇది: తొట్టిలో పంపు దించడం, ఆ నీళ్లు డ్రమ్ముల్లోకి ఎత్తిపోయడం, డ్రమ్ముల్లో ఇసుక, రాళ్లు వేసి వడగట్టి మళ్లీ తొట్టిలోకి వదలడం.

మా అన్న అన్నాడు: "ఏంమ్మా, పెంటను మిక్సీలో ఏసి రుబ్బి, ఆమీట వడగడతావా?"

పంపు ముందుండకూడదట, చివరన ఉండాలట. పంపు రెక్క పెంటను పిండి చేస్తుంది, పిండి అయినదాన్ని ఏ వలా పట్టలేదు. గనిలో కూడా అంతే అన్నాడు. రాయి మధ్య నుంచి ఊరే నీళ్లను సరాసరి పంపుకు ఇస్తే ఇసుక పంపును తినేస్తుంది. అందుకని ముందు సంపు, అంటే నీళ్లు నిలబడే పెద్ద గుంట. అందులో నీళ్లు అలసట తీర్చుకుంటాయి, బరువున్నదంతా అడుక్కు పోతుంది. పైన తేలిన నీళ్లను మాత్రమే పంపు ముట్టుకోవాలి. ఒక లెవెల్ నుంచి పై లెవెల్‌కు, అక్కడ మళ్లీ సంపు, అక్కడి నుంచి ఇంకో లెవెల్‌కు, అలా భూమి కడుపులోనుంచి ఆకాశం కనిపించేదాకా నీళ్లను మోసేవాళ్లట.

నేను అడిగాను, ఇప్పుడు ఆ పంపులు యాడుండాయి అన్నా, అని.

"యాడుంటాయి, ఆడనే ఉండాయి. పంపులు నిలిపేసినాంక నీళ్లు లేసినాయి. నేను కూచునే స్టూలు మింద ఇప్పుడు కొండంత నీళ్లు ఉండాయి."

మామూలుగా చెప్పాడు. మా కాళ్ల కింద భూమి అంతా కొంచెం కొంచెం నీళ్లు ఊరుతూనే ఉందని, మనుషులు ఎత్తిపోస్తున్నంతసేపే ఖాళీగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. అప్పటికే ఆ గదికి మార్పించిన మంచం మీద నుంచి మా ఆయన వింటున్నాడని అప్పుడు చూశాను. గోడ వైపు తిరిగి లేడు.

అన్న నేల మీద సుద్దముక్కతో గీశాడు. తొట్టి అడుగు మధ్యలో పల్లం, పల్లంలో నాలుగంగుళాల పైపు. పెంట దానంతట అది అక్కడికి జారి రావాలి. ఆ పైపు నేల కిందగా మొదటి డ్రమ్ములోకి. నీళ్లు డ్రమ్ములోకి పక్కగా దూరి గుండ్రంగా తిరగాలి, సంగటి గిన్నెలో తెడ్డు తిప్పినట్టు నిదానంగా. తిరిగే నీళ్లు బరువును మధ్యలో దింపేస్తాయి. డ్రమ్ము అడుగున కొళాయి, రోజూ ఒకసారి తిప్పితే ఆ మడ్డి బయట పల్లంలో ఉన్న మల్లెచెట్టుకు. తర్వాత రెండో డ్రమ్ము, మూడో డ్రమ్ము. నాలుగో డ్రమ్ములో పంపు. పంపు నుంచి నీళ్లు తొట్టిలోకి ధారగా పడాలి, పడేటప్పుడు గాలి కలుస్తుంది. డ్రమ్ముల మూతులు, తొట్టి మూతి అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి దిగినా నీళ్లు పొర్లిపోతాయి.

మేస్త్రీని పెట్టి గుంట తవ్వించాం. డ్రమ్ములను కూడా నేలలోకి దించాం. అన్న సన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసల దగ్గర మట్టం చూసి, అంతా సరి అన్నాడు. మంచం మీద నుంచి మా ఆయన ముద్ద మాటతో, మూడోది అరంగుళం కుంగింది అన్నాడు. అన్న నవ్వాడు. మళ్లీ గొట్టం పెట్టి చూశాడు. నవ్వడం ఆపి డ్రమ్ము కింద బిళ్ల రాయి దూర్చాడు.

"బావకు కాలు పడింది గానీ కన్ను పడలేదు," అన్నాడు నాతో.

ఆ రోజు ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు.

రెండో డ్రమ్ములో, మూడో డ్రమ్ములో ఏం వెయ్యాలన్నది కోడలి వంతు. ఇక్కడే నాకు మొదట తల తిరిగింది. కళ్లకు కనిపించే పెంట మొదటి డ్రమ్ముతో పోతుంది, నిజమే. కానీ చేప నీళ్లలోకి వదిలేది అదొక్కటే కాదట. మనకు కనిపించని విషం ఒకటి చేప ఊపిరితోనే బయటికి వస్తుంది. ఆవుల కొట్టం మూసి ఉంచి పొద్దున తెరిస్తే కళ్లు మండించే ఘాటు ఉంటుంది చూడండి, అదే, అంది. నీళ్లు తేటగానే ఉంటాయి, చేపలు చచ్చిపోతాయి. దాన్ని ఏ వలా పట్టలేదు, ఏ సంపూ దించలేదు.

మరి ఏం చెయ్యాలి అంటే, దాన్ని తినేవాళ్లు ఉన్నారు అంది. కంటికి కనిపించని ప్రాణులు. వాటిని కొని తేనక్కరలేదు. నీళ్లు, గాలి, ఉండటానికి జాగా ఉంటే వాటంతటవే వస్తాయి. కొన్ని ఆ విషాన్ని తిని ఇంకో విషంగా మారుస్తాయి, ఇంకొన్ని ఆ రెండోదాన్ని తిని చెట్లకు ఎరువు చేస్తాయి. వాటికి కావలసింది గోడలు. ఎన్ని గోడలు ఉంటే అంత సంసారం.

గోడలు మా అటక మీద ఉన్నాయి. పురుగులు గూడు కట్టుకోవడానికి పెట్టే ప్లాస్టిక్ నెట్రికెలు, మడతలు మడతలుగా ఉండే వల అట్టలు, వందల కొద్దీ పడి ఉన్నాయి. వాటిని దించి, చుట్టలు చుట్టి, రెండో డ్రమ్ము నిండా నిలబెట్టాం. మూడోదాంట్లో మిగిలిన నెట్రికెలు ముక్కలు చేసి, పైపు ముక్కలు కలిపి నింపాం. నేను ముసలితనంలో నేర్చిన అక్షరాలతో రెండో డ్రమ్ము మీద పెయింటుతో 'పురుగులు' అని రాశాను. మా అన్న తమిళ బడిలో చదివినవాడు, మొదటిదాని మీద అరవంలో 'సంపు' అని రాశాడు. మూడోదాని మీద మేస్త్రీ తన పేరు కన్నడంలో రాసుకున్నాడు. తుడిపించలేదు. పోనీలే, మేస్త్రీలకు కట్టింది తమదనిపిస్తుంది.

నీళ్లు నింపి పంపు వేశాం. కరెంటు పోయినప్పుడు ఆడటానికి మా అబ్బాయి బ్యాటరీ తెచ్చి పెట్టాడు. నీళ్లు తిరగడం మొదలైంది. అన్ని చేపలూ ఒక్కసారి తెస్తామంటే కోడలు ఒప్పుకోలేదు. ముందు నాలుగే, అంది. తినడానికి విషం లేకపోతే ఆ ప్రాణులు రావు, ఎక్కువైతే చేపలు ఉండవు. నాలుగు చేపలను తడి గోనెలతో పట్టి ఎత్తి, నీళ్ల డ్రమ్ములో వేసి తెచ్చాం. మిగతావి హొండలో చిరుగు కిందకు నిలిచిన నీళ్లలోనే ఉన్నాయి. మా ఆయన ఎడమ చేత్తో తవుడు విసిరాడు. నాలుగూ ఆ చెయ్యి ఉన్న మూలకు వచ్చాయి. ఎలా గుర్తుపట్టాయో నాకు తెలియదు. ఆ చెయ్యి కూడా ఆయన మేత వేసే చెయ్యి కాదు.

స్కూలు నుంచి కోడలు చిన్న సీసా తెచ్చింది. తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. పసుపుగా ఉంటే మంచిది, ఆకుపచ్చ తిరిగితే విషం. మొదటి వారం పసుపు. రెండో వారం లేతాకు రంగు. మూడో వారం ముదురాకు. కొంచెం నీళ్లు తీసి కొంచెం పోశాం, మేత తగ్గించాం. నాలుగో వారమూ అదే రంగు. ఈ కనిపించనివాళ్లు మా ఊరి దారి మర్చిపోయారా అని నేను కోడలిని దెప్పాను. ఆగండి అత్తా, గుడ్డు నుంచి గూడు దాకా మీరు నెల రోజులు ఆగేవాళ్లు కాదా అంది.

ఐదో వారం ఒక పొద్దున సీసాలో నీళ్లు పసుపుగా ఉన్నాయి.

ఎవరూ ఏమీ చెయ్యలేదు. మందు వెయ్యలేదు, పూజ చెయ్యలేదు. తొట్టిలో నాలుగు చేపలు, డ్రమ్ముల్లో నా పాత నెట్రికెలు, తిరుగుతున్న నీళ్లు, అంతే. విషం పుట్టిన చోటే దాన్ని తినేది పుట్టింది. నేను సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాను. నా జన్మలో గుళ్లకు పోయాను, కొండలు ఎక్కాను, దండాలు పెట్టాను. నిజం చెబుతున్నాను, లోపలినుంచి దండం పెట్టాలనిపించింది ఆ సీసాకే. కోడలు చూస్తుందని పెట్టలేదు.

తర్వాత నాలుగైదు చొప్పున మిగతావి తెచ్చాం. ఇరవై రెండూ చేరాయి. ఆయన పొద్దున తనే లేపమనేవాడు. మంచాన్ని తొట్టికి ఇంకొంచెం దగ్గరికి జరిపించుకున్నాడు. సంగటి తినేవాడు, ఆవుకు కుడితి పెట్టావా అని నన్ను అడిగేవాడు, పక్షవాతానికి ముందులాగే నా పని తప్పుపట్టేవాడు. నాకు అది చాలు అనిపించింది.

ఇంక నా తప్పు సంగతి.

పురుగులు మేపేవాళ్లకు శుభ్రం అంటే మామూలు శుభ్రం కాదు. చెప్పులతో లోపలికి రాకూడదు. గడప దగ్గర మందు నీళ్లలో కాళ్లు తడిపి రావాలి. పంట దిగగానే తట్టలు, వలలు, నెట్రికెలు, గోడలు, నేల, అన్నీ బ్లీచింగ్ నీళ్లతో కడగాలి, ఎండలో పెట్టాలి, సున్నం చల్లాలి. ఒక్క తట్ట వదిలేస్తే తర్వాతి పంటకు సున్నకట్టు రోగం వచ్చి పురుగులు సుద్దముక్కల్లా బిగుసుకుపోతాయి. కొత్తగా పెళ్లయి వచ్చినప్పుడు నేను ఒక మూల కడగడం మర్చిపోయాను. పంటంతా పోయింది. మా అత్త నన్ను తిట్టలేదు. బిగుసుకుపోయిన పురుగులను గంపలో ఎత్తించి నా చేతే పారబోయించింది. ఆ రోజు నుంచి నా చేతులకు మురికి కనిపిస్తే ఆగవు.

మూడో నెలలో కోడలికి పరీక్షల డ్యూటీ పడి నాలుగు రోజులు కోలారులో తన పిన్నమ్మ ఇంట్లో ఉంది. ఆ పిల్ల వెళ్లిన రోజే నేను రెండో డ్రమ్ము మూత తీసి చూశాను. నా తెల్లటి నెట్రికెలు గోధుమరంగు జిగురు పట్టి ఉన్నాయి. ముట్టుకుంటే చేతికి జారుతోంది, బురద వాసన. పురుగుల ఇంట్లో ఇలాంటిది చూస్తే పోయిన మా అత్త లేచి వచ్చేదే. కోడలు చెప్పింది, డ్రమ్ముల జోలికి పోకండి అత్తా అని. చెప్పింది కనిపించని ప్రాణుల గురించి కదా, ఇది కనిపిస్తున్న మురికి కదా అనుకున్నాను. పంపు ఆపి, ఆ డ్రమ్ములోవి అన్నీ బయటికి తీసి, బ్లీచింగ్ నీళ్లలో ముంచి, బ్రష్షుతో తోమి, ఒక పగలంతా ఎండబెట్టి, మళ్లీ నీళ్లతో కడిగి, చుట్టలు చుట్టి పెట్టి, పంపు వేశాను. మూడో డ్రమ్ము కూడా కడిగేదాన్నే, అన్న బిగించిన పైపు నా చేతికి ఊడలేదు. మా ఆయన మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. పాత రోజుల్లా ఉంది, అన్నాడు. నాకు గర్వమైంది.

రెండు రోజులకు చేపలు మేతకు రాలేదు. మూడో రోజు అన్నీ నీళ్లు పడే ధార కిందకు చేరి మూతులు పైకి పెట్టి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున షీటు మడత కనిపిస్తోంది. నాలుగో రోజు పొద్దున అన్నిటికంటే పెద్ద చేప పక్కకు ఒరిగి తేలింది.

కోడలు బస్సు దిగి చేతిసంచితోనే లోపలికి వచ్చింది. సీసాలో చుక్కలు వేసింది. నీళ్లు ముదురాకుపచ్చ తిరిగాయి. నేను ఏం చేశానో చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఆ పిల్ల రెండో డ్రమ్ము మూత తీసి, తళతళలాడుతున్న నెట్రికెలను చూసి, మూత పెట్టేసింది.

"అత్తా, ఆ జిగురే వాళ్లు," అంది.

నేను తొట్టి గట్టు మీద కూర్చున్నాను. వచ్చినప్పటి నుంచి పొద్దూ మాపూ నా ఇంట్లో విషం తిని బతికిన వాళ్లు. కోట్ల మంది అంటుంది కోడలు. కళ్లకు కనిపించరని చెబితే నమ్మాను. కనిపించేసరికి గుర్తుపట్టలేదు. వాళ్లను నేను బ్రష్షుతో తోమి, కాలవలో పారబోశాను.

మేత ఆపేశాం. ట్యాంకరు పిలిపించి మూడో వంతు నీళ్లు మార్చాం, మర్నాడు మళ్లీ మార్చాం. మూడో డ్రమ్ములో జిగురు మిగిలే ఉంది, అందుకే అన్నీ ఒకేసారి పోలేదని కోడలు చెప్పింది. అన్న బిగించిన ఆ పైపుకు బతికిపోయాం. అన్న కూడా వచ్చాడు. నన్ను తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. మూడో డ్రమ్ములో ముక్కలు కొన్ని తీసి, కడిగిన నెట్రికెల మధ్య దూర్చాడు. పాలు తోడుపెట్టినట్టు, అన్నాడు. మరో రెండు చేపలు పోయాయి. మొత్తం మూడు.

మా ఆయనకు చెప్పాల్సింది నేనే. మంచం దగ్గరికి పోయి, నా వల్లే పోయినాయి, కడగకూడనిది కడిగినాను, అన్నాను.

"నేనూ చూస్తానే ఉంటిని కదా," అన్నాడు. "నా చేతులు ఆడుంటే నేనూ కడిగేవాణ్ణి."

అని గోడ వైపు తిరిగాడు.

ఆ రోజు సంగటి ముట్టలేదు. మర్నాడూ అంతే. చేపలు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు, ఆ వీపు చూస్తే వచ్చింది. నేను రోజుకు రెండుసార్లు సీసా పట్టుకుని రంగు చూసేదాన్ని. ఆకుపచ్చ. ఆకుపచ్చ. కోడలు రంగు చూసి ఊరికే తల ఊపేది, పర్వాలేదు అని ఒక్కసారి కూడా అనలేదు. పర్వాలేదని తెలియనప్పుడు అనని మనిషి మా ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.

తొమ్మిదో రోజు ఆకుపచ్చ కొంచెం పలచబడింది. నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమో అని కోడలిని పిలిచాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు, రేపు చూద్దాం అంది. పదకొండో రోజు లేతాకు. పదమూడో రోజు పొద్దున సీసాలో పసుపు. కోడలు మంచానికీ గోడకూ మధ్య సందులోకి దూరి, ఆయన ముఖం ముందు ఆ సీసా పట్టుకుంది.

"మామా, మళ్లా వచ్చినారు," అంది.

ఆయన సీసాను చూశాడు. ఎక్కడి నుంచి వచ్చినారు అని అడిగాడు. గాలిలోంచా, నీళ్లలోంచా, అని. మూడో డ్రమ్ములో మిగిలిన వాళ్ల పిల్లలు మామా, వీళ్లు ఒక్కొక్కరు రెండవుతారు, రెండు నాలుగవుతారు, అంది కోడలు. పదమూడు రోజుల్లోనా అన్నాడు. పదమూడు రోజుల్లోనే అంది. ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ఆ డ్రమ్ము చూడాలి అన్నాడు.

ఇద్దరం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి డ్రమ్ము దగ్గరికి జరిపాం. నేను మూత తీశాను. నేను తోమి తెల్లగా చేసిన వలల మీద పలచగా, కాచిన పాల మీద మీగడ కట్టే ముందు ఉండే పొరలాగా, గోధుమరంగు పట్టి ఉంది. మోకాలెత్తు డ్రమ్ములోకి ఆయన వంగలేడు. ఒక నెట్రికె కొస పైకి లేపి పట్టుకున్నాను. ఆయన ఎడమ చేతి వేళ్లతో దాన్ని తాకాడు. నొక్కలేదు, రుద్దలేదు. నలభై ఏళ్లు ఆ వేళ్లు ఇలాంటి పొరను ఒక్కసారి కూడా ఊరికే ముట్టుకోలేదు, ముట్టుకుంటే తుడవడానికే. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

మనం పురుగులు మేపినన్నాళ్లు ఇవే ఉన్నాయా, అని అడిగాడు. ఉండేవి మామా, అన్నిచోట్లా ఉంటాయి, అంది కోడలు. ప్రతి పంటకూ కడిగేసినాం, అన్నాడు. అయినా వచ్చినారు, అని తనే అన్నాడు.

నేను ఆ నెట్రికెను ఎంత నెమ్మదిగా నీళ్లలోకి దించానంటే, పసిబిడ్డను ఉయ్యాలలో వేసినప్పుడు కూడా అంత నెమ్మదిగా వేసి ఉండను. మూత పెట్టాను. తొట్టి వైపు చూస్తే పంతొమ్మిది చేపలూ ధార కింద నుంచి విడిపోయి అడుగున మీసాలతో షీటు వెతుక్కుంటున్నాయి. పదమూడు రోజులుగా వాటికి మేత లేదు.

ఇంక మేత వెయ్యొచ్చా అని ఆయన కోడలిని అడిగాడు. కొంచెమే మామా, వాళ్లింకా కొద్దిమందే ఉండారు, అంది ఆ పిల్ల.

"ఎంత కొంచెం, చూపీ," అని ఆయన ఎడమ చెయ్యి చాపాడు. కోడలు తవుడు డబ్బా తెచ్చి, చిటికెడు తీసి, ఆ అరచేతిలో పెట్టింది.